గోల్స్ కొట్టినవాడే గోల్స్ ఆపడం నేర్పాలి

మా ఊళ్ళో ఫుట్‌బాల్ ఆడి మానేసిన ఫార్వర్డ్‌కి విజిల్ తేలిగ్గా దొరుకుతుంది. డిపార్ట్‌మెంట్ టీముకి ఏళ్ళ తరబడి గోల్స్ కొట్టి, మోకాలు ఇక నావల్ల కాదన్నాక, ఎవరో ఒక పెద్దమనిషి భుజం మీద చెయ్యేసి "నువ్వు కాకపోతే ఇంకెవరు గురూ, పిల్లలకి నాలుగు ముక్కలు నేర్పు" అంటాడు. అంతే, వాడు కోచ్. వెనక నిలబడి ఎదుటి ఫార్వర్డ్‌ని ఆపే స్టాపర్‌గా ఆడినవాణ్ణి అలా ఎవరూ పిలవరు. కీపర్ సంగతి సరేసరి. గోల్ కొట్టినవాడి పేరు జనానికి గుర్తుంటుంది కాబట్టి ఆటంతా వాడికే తెలుసని ఒక నమ్మకం. విశాఖపట్నంలో నా చేతికి విజిల్ వచ్చింది కూడా ఈ దారిలోనే. కోచింగ్ చదివావా అని అడిగినవాళ్ళు లేరు. ఎన్ని గోల్స్ కొట్టావన్నదే అర్హత.

ఆ పద్ధతిని తిట్టిపోయడానికి ఇది రాయట్లేదు. ఫార్వర్డ్‌లు కోచ్‌లు కావాలి, మంచి కోచ్‌లు అవుతారు కూడా. నా వాదన వేరే. ఫార్వర్డ్‌గా ఆడినవాడు కోచింగ్‌లోకి వస్తే, మొదటి రెండు మూడేళ్ళు గోల్ కొట్టడం నేర్పే పని పెట్టుకోకూడదు. డిఫెన్స్ నేర్పాలి. ఈ మాట ఎక్కడన్నా నవ్వుతారు. "మరి గోల్ కొట్టడం స్టాపర్ నేర్పుతాడేటి?" అని నా పాత టీమ్‌మేట్ ఒకాయన వేళాకోళం చేశాడు. నేర్పితే తప్పేంటి? నన్నడిగితే వాడే నయం.

ఎందుకో చెప్తాను. గోల్ గురించి ఫార్వర్డ్ చెప్పే మాటల్లో సగం గోల్ పడ్డాక అల్లుకున్నవే. బంతి కాలికి తగిలేలోపు నేనేం చూశానో, కీపర్ బరువు ఏ కాలి మీదుందో, ఎడమ పోస్టు వైపే ఎందుకు కొట్టానో నిజాయితీగా చెప్పమంటే నా దగ్గర జవాబు లేదు. ఒళ్ళు చేసేసింది, నేను చూశాను, అంతే. తర్వాత ఎవరైనా అడిగితే మాత్రం కథ తయారవుతుంది: "కీపర్ ముందుకొచ్చాడు, అందుకని పైనుంచి లేపాను." పిల్లలకి ఈ కథ చెప్తే, కీపర్ ఎప్పుడు ముందుకొస్తాడా అని చూస్తూ నిలబడిపోతారు. ఈలోగా వెనకనుంచి ఎవడో వచ్చి బంతి తన్నుకుపోతాడు.

ఫార్వర్డ్ కోచ్‌కి కోపం వచ్చేది కూడా ఇక్కడే. "అంత ఈజీ గోల్ ఎలా మిస్ చేశావురా?" అని టచ్‌లైన్ మీంచి అరుస్తాడు. ఆ ప్రశ్నకి పెద్దవాళ్ళ దగ్గరే సమాధానం ఉండదు, పన్నెండేళ్ళ పిల్లాడి దగ్గరేం ఉంటుంది? పైగా గోల్ అంత ఈజీ కాదు. ప్రపంచంలోని పెద్ద లీగుల్లో కూడా సుమారు పది షాట్లకి ఒకటి మాత్రమే లోపలికి వెళ్తుంది. ఆ తొమ్మిదీ తన జీవితంలో కూడా జరిగాయని ఫార్వర్డ్ మర్చిపోతాడు. మర్చిపోబట్టే అన్నేళ్ళు ఆడగలిగాడు కూడా, అది వేరే విషయం. ఆడేటప్పుడు పనికొచ్చిన ఆ మతిమరుపు కోచింగ్‌లో నెత్తిమీదికి తెస్తుంది.

పెద్దపెద్ద పేర్లే తీసుకోండి. అలన్ షియరర్ ఇంగ్లండ్ ప్రీమియర్ లీగులో 260 గోల్స్ కొట్టాడు. 2009లో సీజన్ చివర ఎనిమిది మ్యాచ్‌లకి తన సొంత క్లబ్ న్యూకాజిల్‌కి కోచ్‌గా వచ్చాడు. గెలిచింది ఒక్కటి. టీము కింది డివిజన్‌కి పడిపోయింది. ఇంగ్లండ్ క్లబ్ ఆర్సెనల్‌కి 228 గోల్స్ కొట్టిన థియరీ ఆన్రీ 2018 అక్టోబర్‌లో మొనాకో క్లబ్‌కి కోచ్ అయ్యాడు, జనవరికల్లా ఇంటికి పంపేశారు. మన దేశానికీ ఇలాంటివాళ్ళు వచ్చారు. టెడ్డీ షెరింగ్‌హామ్ 2017-18 సీజన్లో కోల్‌కతా క్లబ్ ఏటీకేకి కోచ్‌గా వచ్చి సీజన్ మధ్యలోనే వెళ్ళిపోయాడు. రాబీ ఫౌలర్ 2020-21లో ఈస్ట్ బెంగాల్‌ని తీసుకుంటే, ఆ జట్టు పదకొండింట్లో తొమ్మిదో స్థానంలో ఆగింది. అందరూ ఒకప్పుడు డిఫెండర్లకి నిద్ర లేకుండా చేసిన ఫార్వర్డ్‌లే.

ఈ లిస్టు చూపించి ఫార్వర్డ్‌లు కోచింగ్‌కి పనికిరారని తేల్చేస్తే అన్యాయం అవుతుంది. ఎనిమిది మ్యాచ్‌ల్లో ఎవరు మాత్రం ఏం చేస్తారు? ఆన్రీ సంగతే చూస్తే, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్ జట్టుకి ఆయనే కోచ్, రజతం తెచ్చాడు. ఇక అలెక్స్ ఫెర్గూసన్ ఉండనే ఉన్నాడు. ఆయన సెంటర్ ఫార్వర్డ్ అని మనవాళ్ళలో చాలామందికి తెలియదు. 1965-66 స్కాటిష్ లీగులో 31 గోల్స్‌తో టాప్ స్కోరర్లలో ఒకడు. 1974లో ఈస్ట్ స్టర్లింగ్‌షైర్ అనే చిన్న క్లబ్‌తో కోచింగ్ మొదలుపెట్టాడు. మాంచెస్టర్ యునైటెడ్‌కి ఆయన తెచ్చిన 13 లీగ్ టైటిళ్ళ గురించి అందరూ చెప్తారు. నాకు మాత్రం 2008-09 సీజన్ నచ్చుతుంది. ఆ ఏడాది యునైటెడ్ లీగులో వరుసగా 14 మ్యాచ్‌ల్లో ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. దాని వెనక ఫెర్గూసన్ ఒక్కడే లేడు, అసిస్టెంట్లున్నారు, వాన్ డెర్ సార్ లాంటి కీపరున్నాడు, ఒప్పుకుంటాను. అయినా ఇంగ్లండ్‌లో గోల్ ఇవ్వకుండా వరసగా అన్నేసి మ్యాచ్‌లు ఆడిన జట్టుకి పెద్ద దిక్కు ఒక మాజీ ఫార్వర్డ్ కావడం నాకు వింతగా అనిపించదు. ఏ తాళం గట్టిదో దొంగకే కదా తెలిసేది.

ఆడినన్నాళ్ళూ ఫార్వర్డ్ చేసే పని ఏంటి? ఎదుటి డిఫెండర్ ఎక్కడ తప్పు చేస్తాడా అని కాచుకుని కూర్చోవడం. తొంభై నిమిషాల్లో బంతి వాడి కాళ్ళ దగ్గర ఉండేది మహా అయితే రెండు మూడు నిమిషాలు. మిగతా టైమంతా వాడు స్టాపర్‌ని చదువుతూ ఉంటాడు. తన గోల్ ఎలా పడిందో చెప్పలేకపోవచ్చు గానీ, ఆ గోల్ ఎవరి పుణ్యాన పడిందో మాత్రం అచ్చుగుద్దినట్టు చెప్తాడు. ఆ జ్ఞానాన్ని మాటల్లో పెట్టొచ్చు, పిల్లలకి అర్థమయ్యేలా చూపించొచ్చు.

బంతినే చూస్తూ ఉండిపోయే స్టాపర్ నాకు ఎప్పుడూ ఇష్టమైన మనిషి. బంతిని చూడొద్దా అంటారేమో, చూడాలి. దాన్ని మాత్రమే చూడకూడదు. బంతి కుడి వింగ్ మీద, అంటే గ్రౌండు కుడి అంచున ఉంటే అతని తల అటు తిరిగి ఉంటుంది. అప్పుడు నేను అతని ఎడమ భుజం వెనక్కి రెండడుగులు వేస్తాను. అతని లెక్కలో నేను మాయమైపోయాను. అక్కణ్ణుంచి గోల్ ముందుకి బంతి (క్రాస్) వచ్చేటప్పుడు అతని ముందు దూరినా, వెనకే ఆగిపోయినా నా ఇష్టం, నేనెక్కడున్నానో అతనికి తెలియదు కాబట్టి. చూసేవాళ్ళకి హెడర్ కనిపిస్తుంది, పేపర్లో ఫొటో కూడా దానిదే పడుతుంది. గోల్ అయింది మాత్రం ఆ రెండడుగుల దగ్గరే.

ఇంకొకడుంటాడు. బంతి ఉన్నవాడికి ఎదురుగా రెండు పాదాలూ సమానంగా నాటుకుని, పోలీసు స్టేషన్లో సెంట్రీలా నిటారుగా నిలబడతాడు. వాడు తిరిగి పరిగెత్తేలోపు నేను గోల్ ముందున్న బాక్సులో ఉంటాను. అదే ఒక కాలు ముందు, ఒక కాలు వెనక పెట్టి, కాస్త ఒంగి, పక్కకి తిరిగి నిలబడే డిఫెండర్ ఉన్నాడంటే ఆ రోజు నా మొహం చూడలేరు. ఎటు వెళ్ళాలో వాడే నిర్ణయిస్తాడు, నేను కాదు. ఇక ఇద్దరు స్టాపర్ల మధ్య ఉండే ఆ నాలుగైదు గజాలు ఫార్వర్డ్‌కి రాసిచ్చిన స్థలం. "నీ వాడు" అని వీడు, "నీ వాడే" అని వాడు. ఇద్దరూ మంచివాళ్ళే, బాగా ఆడేవాళ్ళే, నోరు విప్పరు, అంతే.

నోరు విప్పడం గురించి ఒక మాట. మా విశాఖ కుర్రాళ్ళు క్రికెట్‌లో ఎల్‌బీడబ్ల్యూ అప్పీలు చేస్తే బీచ్ రోడ్డు దాకా వినబడుతుంది. అదే కుర్రాళ్ళు ఫుట్‌బాల్ బూట్లు వేసుకోగానే మౌనవ్రతం పడతారు. వెనకనుంచి మనిషి వస్తున్నాడని చెప్పడానికి గొంతు పెగలదు. కారణం నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

నేను ఎక్కువసేపు పెట్టే డ్రిల్ చాలా మామూలుది. స్టాపర్‌గా ఆడే కుర్రాణ్ణి గోల్‌కి వీపు పెట్టి నిలబెడతాను. ఎదురుగా ఇద్దరు కుర్రాళ్ళు బంతి ఇచ్చిపుచ్చుకుంటూ ఉంటారు. నేను అతని వెనక అటూ ఇటూ నడుస్తూ వేళ్ళు చూపిస్తుంటాను. ఎప్పుడు "ఎన్ని?" అని అడిగితే అప్పుడు చెప్పాలి. చెప్పాలంటే బంతి ఒక కాలి నుంచి ఇంకో కాలికి వెళ్ళే ఆ చిన్న సందులో భుజం మీదుగా ఓసారి వెనక్కి చూసి రావాలి. గాజువాక నుంచి సైకిల్ మీద వచ్చే ఒక గుంటడున్నాడు, ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు, బంతి గాల్లో ఉంటే ఎవరికీ వదలడు. వాడితో మొదట్లో ఇలా సాగేది.

"ఎన్నిరా?"

"మూడు సార్."

"రెండు."

"ఇందాక మూడే ఉన్నాయి సార్, మీరు మార్చేసేరు!"

"ఫార్వర్డ్ కూడా మార్చేస్తాడు నాన్నా."

వాడికి విషయం అర్థమైంది. ఒకసారి చూసి వదిలేస్తే చాలదు, చూస్తూనే ఉండాలి. ఇప్పుడు వాడి తల ఫ్యాన్‌లా తిరుగుతుంది, వాళ్ళమ్మ మెడనొప్పి వస్తుందేమోనని అడిగింది కూడా. ఈ డ్రిల్ నాకు ఏ పుస్తకమూ చెప్పక్కర్లేదు. నన్ను కష్టపెట్టిన డిఫెండర్లందరూ చేసిన పని ఇదే. వాళ్ళ భుజం వెనక్కి జారినప్పుడల్లా వాళ్ళ కళ్ళు నా కళ్ళలో పడేవి. ఆ చిరాకు నాకు ఇంకా గుర్తుంది.

ఇంకోటి తాడు. ఫిషింగ్ హార్బర్ దగ్గర పడవలకి వాడే నైలాన్ తాడు ముక్క ఒకటి తెచ్చాను. నలుగురు బ్యాకుల చేత దాన్ని వరసగా పట్టిస్తాను, మనిషికీ మనిషికీ మధ్య కొన్ని గజాలు. బంతి అటు వెళ్తే నలుగురూ అటు, వెనక్కి వెళ్తే నలుగురూ ముందుకి. ఎవడైనా ఒక్కడు నిద్రపోయాడా, తాడు గుంజుతుంది. మొదటి రోజు ఒకడు బొక్కబోర్లా పడ్డాడు, మిగతా ముగ్గురూ నవ్వలేక చచ్చారు. కానీ ఆఫ్‌సైడ్ లైన్ అంటే ఏంటో (బ్యాకుల వరసని దాటి ముందే నిలబడ్డ ఫార్వర్డ్‌కి బంతి ఇస్తే చెల్లదు) బోర్డు మీద గీసి చెప్పినదానికంటే ఇది త్వరగా బుర్రకెక్కుతుంది. నలుగురిలో ముగ్గురు ముందుకొచ్చి ఒకడు వెనకబడితే, ఆ ఒక్కడే ఫార్వర్డ్‌ని ఆన్‌సైడ్ చేస్తాడు. నేను ఆడే రోజుల్లో మ్యాచ్ మొదలైన పది నిమిషాల్లో వెతుక్కునేది వాణ్ణే. ప్రతి టీములోనూ ఒకడుంటాడు. సాధారణంగా లెఫ్ట్ బ్యాక్.

ఇదంతా వింటే నేను డిఫెన్స్ పిచ్చివాణ్ణని అనుకుంటారేమో. కాదు, నాకు గోల్సే ఇష్టం. నాకు ఇష్టమైన కోచ్ కూడా ఫార్వర్డే, పి.కె.బెనర్జీ. వాల్తేరు డివిజన్ 2003 దాకా కోల్‌కతా గార్డెన్ రీచ్‌లో ఆఫీసున్న సౌత్ ఈస్టర్న్ రైల్వే కింద ఉండేది. అందుకని మా రైల్వే కాలనీల్లో కలకత్తా ఫుట్‌బాల్ కబుర్లు హౌరా బళ్ళతో పాటే దిగేవి. ఆ కబుర్లలో పి.కె. మనవాడే, రైల్వే మనిషి. 1958లో కలకత్తా పెద్ద క్లబ్బులు ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మదన్ మూడింటినీ వెనక్కి నెట్టి ఈస్టర్న్ రైల్వే కలకత్తా లీగ్ కొట్టిందంటే ఆ జట్టులో ఆయనున్నాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో కెప్టెన్‌గా ఫ్రాన్స్ మీద గోల్ కొట్టాడు, ఆ మ్యాచ్ 1-1తో ముగిసింది. ఆట మానేశాక కోచ్‌గా ఆయన గెలిచినవి చాలా ఉన్నాయి. నా వాదనకి పనికొచ్చేది మాత్రం 1997 జులై 13 నాటి ఫెడరేషన్ కప్ సెమీస్. సాల్ట్ లేక్ స్టేడియంలో లక్షా ముప్పై వేల పైచిలుకు జనం. అటు మోహన్ బగాన్‌కి అమల్ దత్తా కోచ్, దేశమంతా మాట్లాడుకుంటున్న ఆయన డైమండ్ పద్ధతి, దాడి మీద దాడి. ఇటు పి.కె. ఈస్ట్ బెంగాల్. దాడి చేసేవాడు వెనక ఏం వదిలేసి వస్తాడో జీవితమంతా వింగ్ మీద పరిగెత్తినవాడికి చెప్పాలా? 4-1. అందులో మూడు బైచుంగ్ భూటియావి. అందరూ హ్యాట్రిక్‌ని గుర్తుపెట్టుకున్నారు. నాకు ఆ ఒకటి కనిపిస్తుంది. అంత దూకుడు మీదున్న జట్టుకి పి.కె. మనుషులు ఇచ్చింది ఒక్క గోలు.

పి.కె.కి గురువు మన హైదరాబాదీ, సయ్యద్ అబ్దుల్ రహీమ్. స్కూలు మాస్టారు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో ఆయన చేసిన పని నా మాటని తిరగేసి చూపిస్తుంది. గ్రూపులో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయాం. థాయిలాండ్ మ్యాచ్‌లో స్టాపర్ జర్నైల్ సింగ్‌కి తల చిట్లి కుట్లు పడ్డాయి. రహీమ్ సాబ్ అతన్ని కూర్చోబెట్టలేదు, సెమీస్‌కీ ఫైనల్‌కీ సెంటర్ ఫార్వర్డ్‌గా పంపాడు. ఫైనల్లో అదే కొరియా మీద 2-1తో స్వర్ణం. ఒక గోల్ పి.కె.ది, ఇంకోటి జర్నైల్‌ది. స్టాపర్‌కి ఏది ఇబ్బందో స్టాపర్‌కే బాగా తెలుసు కాబట్టి వాణ్ణి ఫార్వర్డ్ చేశాడని నేను అనుకుంటాను. అటు వెళ్ళే దారి ఉన్నప్పుడు ఇటు వచ్చే దారి ఎందుకుండదు? యుర్గెన్ క్లాప్ కూడా మైంజ్‌లో ఫార్వర్డ్‌గా మొదలై రైట్ బ్యాక్‌గా ముగించినవాడే. అదే క్లబ్‌కి 2001లో ఆటగాడి నుంచి నేరుగా కోచ్ అయిపోయాడు. రెండు వైపులా కాపురం చేసినవాడు.

ఇప్పుడు నా మీద వచ్చే అసలైన అభ్యంతరం. "దేశంలో గోల్ కొట్టేవాడు లేక ఏడుస్తుంటే నువ్వు ఉన్న ఫార్వర్డ్ కోచ్‌ని తీసుకెళ్ళి డిఫెన్స్ నేర్పమంటావా?" మాటలో పస ఉంది. మన సికింద్రాబాద్‌లో పుట్టిన సునీల్ ఛెత్రి 2024 జూన్‌లో కోల్‌కతాలో కువైట్ మ్యాచ్ ఆడి, 94 గోల్స్‌తో వీడ్కోలు తీసుకున్నాడు. ఏడాది తిరక్కుండా 2025 మార్చిలో, 40 ఏళ్ళ వయసులో, మళ్ళీ రమ్మని పిలవాల్సొచ్చింది. వచ్చి మాల్దీవుల మీద గోల్ కూడా కొట్టాడు. సంతోషించాలో సిగ్గుపడాలో తెలియని పరిస్థితి. మన క్లబ్బుల్లో నంబర్ 9 చొక్కా, అంటే సెంటర్ ఫార్వర్డ్ చొక్కా, ఎక్కువగా విదేశీయుల ఒంటిమీదే ఉంటుంది.

అయినా నా మాట మార్చను. మన ఫార్వర్డ్‌లు ఎక్కడ తయారవుతున్నారో చూడండి. ఏ స్కూలు టోర్నమెంటుకైనా వెళ్ళండి, 8-0, 11-0 స్కోర్లు కనిపిస్తాయి. పదమూడేళ్ళ కుర్రాడు ఒక మ్యాచ్‌లో ఆరు గోల్స్ కొడతాడు. వాళ్ళ నాన్న వాట్సాప్‌లో పెడతాడు. ఆ ఆరింట్లో నాలుగు, డిఫెండర్ అనేవాడు ఎలా నిలబడాలో ఎవరూ నేర్పని పిల్లల మధ్యలోంచి పరిగెత్తినవి. ఆ కుర్రాడికి ఏం తెలిసింది? పరిగెత్తితే చాలని తెలిసింది. పదిహేడేళ్ళకి రాష్ట్రం దాటి ట్రయల్స్‌కి వెళ్తాడు. అక్కడ మిజోరాం నుంచో కేరళ నుంచో వచ్చిన స్టాపర్ పక్కకి తిరిగి నిలబడి, భుజం మీదుగా ఒక చూపు చూస్తాడు. మనవాడి పరుగు అక్కడితో సరి. రెండో ఉపాయం లేదు, ఎందుకంటే అప్పటిదాకా అవసరం పడలేదు. ఆ రెండడుగులు నేను నేర్చుకున్నది ఎవరో చెప్తే కాదు. కుర్రతనంలో నన్ను మ్యాచ్‌ మొత్తం బంతి ముట్టనివ్వని స్టాపర్లు దొరికారు కాబట్టి. మంచి డిఫెండర్లని తయారుచేస్తే ఫార్వర్డ్‌లు వాళ్ళంతట వాళ్ళే తయారవుతారు, లేకపోతే ఆకలితో చస్తారు.

మరి షూటింగ్ మాటేమిటంటే, చిన్న పిల్లలకి అది ఆడించడం వల్ల వస్తుంది. పెద్ద గ్రౌండులో పదకొండు మంది చొప్పున దింపితే ఒక్కో పిల్లాడికి మ్యాచ్ మొత్తంలో రెండు షాట్లు దొరకడం గగనం. అదే ఐదుగురు, ఏడుగురు చొప్పున చిన్న గ్రౌండులో, 4వ సైజు బంతితో ఆడిస్తే అరగంటలో డజన్ల కొద్దీ కొడతారు. మన దేశపు ఫుట్‌బాల్ ఫెడరేషన్ (ఏఐఎఫ్ఎఫ్) 2018లో చిన్నపిల్లల కోసం మొదలుపెట్టిన గోల్డెన్ బేబీ లీగుల ఆలోచన కూడా ఇదే. దీనికి మాజీ ఫార్వర్డ్ ఉపన్యాసం అక్కర్లేదు. నాలుగు కోన్లు, రెండు చిన్న గోల్‌పోస్టులు, నోరు మూసుకుని పక్కన నిలబడే ఓపిక ఉంటే చాలు. ఆఖరిది మా ఫార్వర్డ్ జాతికి కాస్త కష్టం.

ఈ సిద్ధాంతమంతా గ్రౌండు గేటు దగ్గర తల్లిదండ్రుల ముందు తేలిపోతుంది. పొద్దున ఆరింటికి మొదలుపెడతాం, ఎనిమిది దాటితే సముద్రపు ఉక్కపోతకి పిల్లలు వడలిపోతారు. ఈలోపే వాకర్లు గ్రౌండు మధ్యలోంచి నడుస్తుంటారు, మూడు నాలుగు క్రికెట్ మ్యాచ్‌లు ఒకదాని మీద ఒకటి జరుగుతుంటాయి. 2005లో ధోనీ మధురవాడ స్టేడియంలో పాకిస్తాన్ మీద 148 కొట్టిన దగ్గర్నుంచి ఈ ఊళ్ళో ఖాళీ జాగా దొరికితే వికెట్లే పాతుతారు. ఆ మధ్యలో మేం. గేటు దగ్గర ఫోన్ పట్టుకుని వీడియో తీస్తూ ఒక నాన్నగారు.

"కోచ్ గారూ, మావోణ్ణి వెనకాల పెట్టేసేరేటండి? మీరు ఫార్వర్డే కదా, వాణ్ణీ ఫార్వర్డ్ చేస్తారని ఇక్కడ జాయిన్ చేసేం."

"చేస్తానండి. ముందు ఫార్వర్డ్‌ని ఆపడం నేర్చుకోనివ్వండి."

"వెనకాల ఆడితే సర్టిఫికెట్లో ఏం రాస్తారండి?"

ఆయన్ని తప్పుపట్టలేను. ఇక్కడ ఆట అంటే రైల్వే, పోర్టు, స్టీల్ ప్లాంటు, నేవీ, పోలీసు. స్పోర్ట్స్ కోటాలో ఒక ఉద్యోగం వస్తే ఇల్లు నిలబడుతుంది. సెలక్షన్ రోజున గంట సేపు చూసేవాళ్ళ కళ్ళకి గోల్ కొట్టినవాడే ఆనతాడు, గోల్ పడకుండా చూసినవాడు ఏం చేశాడో చెప్పడానికి కాగితం మీద అంకె లేదు. అందుకే ప్రతి పిల్లాడూ ఫార్వర్డే, ప్రతి ఫార్వర్డూ రేపటి కోచే. 1965-66లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల జట్లు పోటీపడే సంతోష్ ట్రోఫీ గెలిచింది. అంతకు ముందు హైదరాబాద్ రెండుసార్లు వరసగా గెలిచింది. ఆ తర్వాత ఆ కప్పు ఏ తెలుగు జట్టూ గెలవలేదు. దీనికి వంద కారణాలుంటాయి గానీ, అందరూ ఒకే పొజిషన్‌కి ఎగబడటం వాటిలో ఒకటని నా అనుమానం.

ఇక లైసెన్సులు. కోచ్‌లకి మొదట ఏఐఎఫ్ఎఫ్ ఇచ్చే డి, దాని మీద ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఎఫ్‌సీ) పేరుతో సి, బి, ఎ, ఆ పైన ప్రో. ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) క్లబ్‌కి హెడ్ కోచ్ కావాలంటే ప్రో ఉండాలి. మాజీ ఆటగాళ్ళలో చాలామందికి ఈ మెట్లంటే చిన్నచూపు. "నేను ఆడినవాణ్ణి, నాకు క్లాసేంటి?" అంటారు. డి కోర్సుకి వెళ్ళిచూడండి. ఒకరి మీద ఒకరు ఆడే డ్రిల్ డెమో ఇవ్వమన్నప్పుడు ఫార్వర్డ్‌లందరూ బంతి వైపు నిలబడతారు. ఇన్‌స్ట్రక్టర్ తెలివైనవాడైతే అటు పంపిస్తాడు, డిఫెండర్ వైపు. పేరున్న ఆటగాడు కుర్ర స్టాపర్ పక్కన నిలబడి కాళ్ళు ఎలా పెట్టాలో నేర్చుకోవడం చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ఆ కోర్సులో సెషన్ ప్లాన్ రాయడం, పిల్లల వయసుని బట్టి భారం తగ్గించడం, దెబ్బ తగిలితే ఏం చేయాలో తెలియడం, ఇవన్నీ వస్తాయి. వీటిలో ఒక్కటి కూడా గోల్స్ కొట్టడం వల్ల రాదు. డబ్బు విషయం ఎక్కువ మాట్లాడను. జిల్లా స్థాయిలో పిల్లల కోచ్‌కి వచ్చేది పెట్రోలుకి సరిపోతే గొప్ప. ఉద్యోగం ఉన్నవాడు మాత్రమే చేయగలడు, అందుకే ఉద్యోగం తెచ్చిపెట్టిన ఫార్వర్డ్‌లే ఎక్కువగా చేస్తున్నారు. మళ్ళీ మొదటికే వచ్చాం.

ఇది మార్చడానికి నా దగ్గర పెద్ద పథకమేమీ లేదు, చిన్నదొకటుంది. మా దగ్గర వేసవి టోర్నమెంట్లలో బెస్ట్ స్కోరర్‌కి కప్పు ఇస్తారు, బెస్ట్ కీపర్‌కి ఇస్తారు. స్టాపర్‌కి చప్పట్లు కూడా ఉండవు. అండర్-13లో బెస్ట్ డిఫెండర్ కప్పు పెట్టమని ఈసారి నిర్వాహకులని అడిగాను. ఎవరికివ్వాలో గోల్స్ లెక్కపెట్టే టేబుల్ దగ్గర తేలదు కాబట్టి, ఆడిన టీముల్లోని ఫార్వర్డ్ పిల్లలనే ఓటెయ్యమన్నాను: మిమ్మల్ని ఎక్కువ ఏడిపించింది ఎవరు? వాళ్ళకి తెలిసినంత ఎవరికీ తెలియదు. ఆలోచన బాగుందన్నారు. స్పాన్సర్ గారు మాత్రం కొత్త కప్పుకి బడ్జెట్ లేదన్నారు, మెడల్‌తో సరిపెట్టమన్నారు. కప్పు డబ్బులు నేను పెట్టుకుంటానన్నాను, కాకపోతే స్కోరర్ కప్పు ఎంత ఎత్తుంటే ఇదీ అంతే ఉండాలన్నాను. ఆ ఎత్తు దగ్గరే బేరం ఆగింది.